సింధూర వృక్షం ఏ చెట్టు?

తెలుగు బైబిలుతో పరిచయమున్నవారికి సింధూరవృక్షం కొత్త పేరు కాదు. అబ్రాహాము కనాను దేశంలో అడుగుపెట్టి మొదట ఆగినది మోరే దగ్గరి సింధూరవృక్షం వద్ద. ఆ తరువాత గుడారం వేసుకొన్నది మమ్రే దగ్గరి సింధూరవనంలో. రిబ్కా దాది దెబోరా చనిపోతే ఆమెను పాతిపెట్టినదీ సింధూరవృక్షం కిందనే. ఇన్ని ఘట్టాలకు నీడనిచ్చిన ఆ చెట్టును చూపించమంటే మాత్రం తెలుగునాట చూపగలవారు లేరు. మా వైపు అడవులకు కొదవ లేదు. గోదావరికి దక్షిణాన కరీంనగరు, ఉత్తరాన ఆదిలాబాదు. టేకు, నల్లమద్ది, ఏరుమద్ది, ఇప్ప, బూరుగ, మోదుగ పేరుపేరునా చెప్పగల పల్లెజనం ఉన్న ప్రాంతమిది. ఆ జనంలో ఎవరినడిగినా సింధూరమంటే హనుమంతుని విగ్రహానికి పూసే ఎర్రని పొడి అనే అంటారు.

నేను తెలుగు పండితునిగా పనిచేసిన రోజులలో, ఒక పల్లెలోని చిన్న సంఘానికి పాస్టరుగా ఉన్న పెద్దమనిషి నన్ను ఇదే అడిగాడు. ఆయన కొడుకు నా శిష్యుడు. “సారూ, గీ సింధూర వృక్షమంటే మన దిక్కు ఏ చెట్టు?” అన్నాడు. మన దిక్కు ఆ చెట్టు లేదన్నాను. “మరి మావోళ్లకు ఏమని చెప్పాలె? నేనైతే మర్రిమాను అసొంటి పెద్దమాను అని చెప్త” అన్నాడు. ఆయనకు హీబ్రూ రాదు, నాకూ రాదు. కాని ఆనాటి నుండి ఈ మాట వెంటబడి నేను చదివినదంతా ఒకచోట చేర్చి చూస్తే, ఆయన చెప్పిన అర్థం పండితుల చర్చకు ఎంత దగ్గరగా ఉందో తెలిసివచ్చింది. ఆ సంగతే ఇక్కడ మిత్రులతో పంచుకొంటున్నాను.

హీబ్రూ మూలంలో ఈ పెద్దచెట్లకు ముఖ్యంగా మూడు మాటలున్నాయి: ఏలా, ఏలోన్, అల్లోన్. దావీదు గొల్యాతును పడగొట్టిన లోయ పేరు ఏలా లోయ. మోరే దగ్గరిది ఏలోన్. దెబోరా సమాధి మీది చెట్టు అల్లోన్. ప్రాచీన హీబ్రూ రాతలో హల్లులే ప్రధానం. అచ్చులను తెలిపే చుక్కలను, గీతలను మసోరా పండితులు క్రీస్తుశకం 7వ శతాబ్దికీ 10వ శతాబ్దికీ మధ్య చేర్చారు. గుణింతపు గుర్తులు లేకుండా తెలుగు రాసి, కొన్ని వందల యేండ్ల తరువాత మరొకరు వచ్చి తలకట్లు, కొమ్ములు పెడితే ఎలా ఉంటుందో ఊహించండి. ఈ మూడు మాటలలో హల్లులు చాలావరకు అవే. కనుక ఎక్కడ ఏ మాట ఉండవలెనన్నది కూడ కొంతవరకు సంప్రదాయం మీద ఆధారపడిన విషయమే.

నిఘంటుకర్తలు సాధారణంగా అల్లోన్ అంటే ఓక్ అనీ, ఏలా అంటే పిస్తా కుటుంబానికి చెందిన టెరెబింత్ అనీ అర్థం చెబుతారు. యెషయా, హోషేయ గ్రంథాలలో ఏలా, అల్లోన్ పక్కపక్కనే వస్తాయి. కాబట్టి రెండూ వేరువేరు చెట్లన్న ఎరుక ఆ జనానికి ఉన్నదనుకోవాలి. అయితే షెకెము వద్ద పరిస్థితి వేరు. అబ్రాహాము అక్కడికి వచ్చినపుడు ఆ చెట్టు ఏలోన్. యాకోబు తన ఇంటివారి విగ్రహాలను పాతిపెట్టినపుడు అది ఏలా. యెహోషువ సాక్షిరాయి నిలబెట్టినపుడు హల్లులు ఏలావే, అచ్చులు మాత్రం వేరు. అదే ఊరు, అదే పవిత్రస్థలం. ఒకే చెట్టుకు మూడు రూపాలలో పేరు వచ్చిందని భావించే పండితులున్నారు. బలము, ప్రాధాన్యము అనే అర్థాలు గల ధాతువు నుండి ఈ మాటలు పుట్టాయని కూడ ఒక వ్యుత్పత్తి ఉన్నది. ఆ లెక్కన ఏలా అంటే మొదట ఫలానా జాతి చెట్టని కాదు, బలిసిన చెట్టు, ఘనమైన చెట్టు అని.

ఈ చిక్కు అనువాదకులను రెండువేల యేండ్లకు పైగా వేధించింది. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దిలో ధర్మశాస్త్రాన్ని గ్రీకులోకి తెచ్చినవారు మోరే చెట్టును ‘ద్రుస్’ అన్నారు. గ్రీకులో ఆ మాటకు ఓక్ అని అర్థం. కాని దాని కుదురు మనకు పరాయిది కాదు. సంస్కృతంలోని ద్రు, ద్రుమ, దారు శబ్దాలకు అది జ్ఞాతి. అంటే గ్రీకులో కూడ చెట్టు అనే సామాన్యార్థం నుండి ఓక్ అనే విశేషార్థం స్థిరపడిందన్నమాట. అరమాయిక్ అనువాదంలో చెట్టు మాయమై మైదానం వచ్చింది. లాటిన్‌లోకి తెచ్చిన జెరోము మోరే దగ్గర ప్రసిద్ధమైన లోయను చూపించాడు. 1611 నాటి ఆంగ్ల అనువాదం మైదానమే అన్నది. 1885లో ఆంగ్ల పాఠాన్ని సవరించినవారు మళ్లీ ఓక్ చెట్టును నిలబెట్టారు. మన పొరుగున వాడుకలో ఉన్న పాత తమిళ బైబిలులో ఈనాటికీ అక్కడ సమభూమి అనే ఉన్నది. ఇప్పుడు మనం చదివే తెలుగు అనువాదంలో మాత్రం చెట్టు ఉన్నది. ఒక్క మాట అర్థం తేలకపోతే ఒకరికి నీడ దొరికింది, మరొకరికి బయలు మిగిలింది!

తెలుగు అనువాదకుల ఇబ్బంది ఇంకొకటి. ఓక్ హిమాలయాలలో పెరుగుతుంది గాని దక్కను పీఠభూమిలో లేదు. లేని చెట్టుకు ఊరి పేరు ఎక్కడ దొరుకుతుంది? 1805లో విశాఖపట్టణానికి వచ్చిన క్రాన్, డేగ్రాంజ్ దొరలతో మొదలుపెట్టి, ఎందరో మిషనరీలు, వారికి తోడుగా ఎందరో తెలుగు పండితులు తరతరాలుగా చేసిన పని ఇది. 19వ శతాబ్ది మధ్యకు మొత్తం గ్రంథం తెలుగులోకి వచ్చింది. తరువాత సవరణలు జరుగుతూ వచ్చాయి. చెట్ల పేర్ల దగ్గర వారు మూడు దారులు తొక్కినట్లు కనిపిస్తుంది.

మొదటిది సంస్కృతం వైపు చూడడం. సింధూరం అలా వచ్చినదే. బెయేర్షెబాలో అబ్రాహాము నాటిన చెట్టుకు ‘పిచుల’మని పేరు పెట్టారు. అది ఇసుకనేలలో పెరిగే టామరిస్క్ చెట్టుకు సంస్కృతంలో ఉన్న పేరు. వృక్షశాస్త్రం ప్రకారం ఈ ఎంపికకు వంక పెట్టడానికి లేదు. కాని చదివేవాని కంటి ముందు ఏ చెట్టూ నిలువదు. రెండవది పారసీ, అరబ్బీల వైపు చూడడం. అబ్షాలోము తల చిక్కుకొన్న చెట్టును, అంటే ఏలాను, ‘మస్తకి’ అన్నారు. నిజాము ఏలుబడిలో ఉండిన మా ప్రాంతంలో ఈ మాట కొంత ఎరుకే. హకీములు వాడే ‘రూమీ మస్తగీ’ అనే బంక ఆ కుటుంబపు చెట్టు నుండి కారేదే, మనం తినే పిస్తాకు దాయాదే. యాకోబు మందల కథలో కనిపించే చినారు, జంగి, సాల్మోను పేర్లు మాత్రం మా హకీములకు కూడ తెలిసి ఉండవు. మూడవది ఊరివైపు చూడడం. పొట్టి జక్కయ్య యేసును చూడడానికి ఎక్కిన చెట్టును మేడిచెట్టు అన్నారు. అక్కడి చెట్టు, మన మేడి ఒకే జాతి కావు గాని ఒకే కుటుంబానివి. రెండింటి కాయలూ మాను మీదనే గుత్తులుగా కాస్తాయి. మేడిచెట్టు అనగానే తెలుగు పిల్లవాడు జక్కయ్య వెంట తానూ ఎక్కగలడు. సింధూరం దగ్గరకు వచ్చేసరికి వాడు కిందనే నిలబడిపోతాడు.

మరి పెద్దచెట్టుకు మన భాషలో మాటే లేదా? ఉన్నది. అది మ్రాను. వాడుకలో మాను. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్న సామెతలో మొక్కకు ఎదురుగా నిలిచిన పెద్దరికం ఆ మాటది. కదలక మెదలక నిలిచిపోవడాన్ని మ్రాన్పడడం అంటాము. తమిళంలో మరం, కన్నడంలో మర, ఆదిలాబాదు గోండుల భాషలో మరా, ఇవన్నీ ఒక్క వేరు నుండి వచ్చినవే. చెట్టు అనే మాట చరిత్ర దీనికి తలక్రిందులు. తమిళంలో దాని తోబుట్టువైన ‘చెడి’ ఈనాటికీ మొక్క, పొద అనే అర్థంలోనే ఉన్నది. తెలుగులో ఆ పొద పెరిగి చెట్టయింది. మాను క్రమంగా తగ్గి చాలా చోట్ల బోదెకు, కలపకు పరిమితమైంది. అర్థాలు ఇలా పెరగడం, తరగడం హీబ్రూకు మాత్రమే పట్టిన విచిత్రం కాదు.

ఇక్కడ నాకు మిక్కిలి సంతోషం కలిగించిన విషయం ఒకటి చెప్పాలి. మ్రాను శబ్దానికి కావ్యభాషలో మ్రాఁకు అనే రూపం కూడ ఉన్నది. మేము పండిత శిక్షణలో దానిని అరసున్నతో సహా వల్లించాము. ఊళ్లో ఎవరూ అనని మాటగా, పుస్తకాలలో మిగిలిన మాటగా పిల్లలకు చెప్పాము. ఆదిలాబాదు అడవులలో కొలాములనే గిరిజనులున్నారు. వారి భాషకు లిపి లేదు. 1955లో ఎమెనో అనే భాషాశాస్త్రవేత్త దానిమీద గ్రంథం ప్రచురించాడు. ఆ కొలామీలో చెట్టును ‘మాక్’ అంటారు. కవిత్రయం నాటి మ్రాఁకుకు సగోత్రమైన మాట, బడిమెట్లు ఎక్కని కొలాము అవ్వ నోట రోజూ పలుకుతున్నది. ప్రాచీనత గ్రంథాలలోనే ఉంటుందని మా తరం పండితులు అనుకొన్నది నిజం కాదు.

ఘనమైన చెట్టు అనే సామాన్యార్థం ఒక జాతిపేరుగా స్థిరపడడానికి కూడ మా ప్రాంతంలోనే ఉదాహరణ ఉన్నది. అగ్గిపుల్లలకు వాడే తేలికపాటి కలప చెట్టు ఒకటి ఉన్నది. దాని పేరు పెద్దమాను. సరిహద్దు దాటి మహారాష్ట్రలోకి పోతే అదే చెట్టు మహారుఖ్. రెండు పేర్లకూ అర్థం ఒక్కటే, పెద్దచెట్టు అని. ఇంకొక వెయ్యేండ్ల తరువాత ఎవరైనా మన పుస్తకాలు తీసి, ‘పెద్దమాను కింద కూర్చున్నారు’ అన్న వాక్యం చదివితే, అది ఏదైనా పెద్దచెట్టా, లేక పెద్దమాను అనే జాతి చెట్టా అని తగవులాడుకొంటారు. ఏలా, ఏలోన్‌ల తగవు అచ్చంగా ఇదే.

సంస్కృతంలోని వనస్పతి శబ్దం కూడ చూడండి. మాటకు అర్థం వనానికి అధిపతి. అమరసింహుడు దానిని పూలు కనిపించకుండానే కాయలు కాచే చెట్లకు పరిమితం చేశాడు. అంటే రావి, మర్రి, మేడి, జువ్వి. ఆలోచిస్తే అవే మన ఊళ్లలో నరకడానికి చేతులు రాని చెట్లు. మరికొంత కాలానికి అదే మాట డబ్బాలో వచ్చే నూనెకు పేరయింది. అడవికి రాజు వంటింట్లో డబ్బాకు చేరాడు!

జాతి ఏదన్నది అలా ఉంచి, ఆ చెట్టు కింద ఏమి జరిగిందన్నది చూస్తే హీబ్రూ మాట అర్థం మరింత తేటపడుతుంది. మోరే అంటే బోధకుడు. ఏలోన్ మోరే అంటే గురువుగారి చెట్టు. బ్రతుకంతా బడిలో గడిపినవాడిని గనుక ఈ అర్థం తెలిసిననాడు నేను కొంతసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. వటవృక్షం కింద మౌనంగా బోధించే దక్షిణామూర్తి మనకున్నాడు. కప్పు లేని బడులు చెట్టునీడన నడిచిన రోజులు నా తరంవారు ఎరుగుదురు.

హెబ్రోను దగ్గరి మమ్రే చెట్టు సృష్టి ఆరంభం నుండి ఉన్నదని జనం చెప్పుకొనేవారని 1వ శతాబ్దిలో జోసీఫసు రాశాడు. ఆ చెట్టు వద్ద ఏటేటా వేసవిలో తిరునాళ్ల జరిగేదనీ, యూదులు, క్రైస్తవులు, అన్యదేవతలను కొలిచేవారు అందరూ వచ్చేవారనీ 5వ శతాబ్దికి చెందిన చరిత్రకారుడు సోజొమెను రాశాడు. కాన్‌స్టంటైను చక్రవర్తి అక్కడి బలిపీఠాలు తీయించి చర్చి కట్టించాడు. చదువుతుంటే నాకు కేస్లాపూరు నాగోబా జాతర కళ్ల ముందు నిలిచింది. పుష్య అమావాస్యకు జరిగే ఆ జాతరకు ముందు మెస్రం వంశీయులు గోదావరిలోని హస్తినమడుగు నుండి నడిచి జలం తెస్తారు. తెచ్చినవారు నేరుగా గుడిలోకి పోరు. కేస్లాపూరులో మర్రిచెట్ల కింద విడిది చేస్తారు. ఆ మర్రినీడ లేకుండా ఆ పూజ లేదు.

పెద్దచెట్టు చూసినవన్నీ పండుగలు కావు. దెబోరా సమాధి మీది చెట్టుకు అల్లోన్ బాకూత్ అని పేరు పెట్టారు. అంటే ఏడ్పుల చెట్టు. క్రీస్తుశకం 135లో రోమనులు యూదుల తిరుగుబాటును అణచిన తరువాత, పట్టుబడిన యూదులను ఆ మమ్రే చెట్టు దగ్గరి సంతలోనే బానిసలుగా అమ్మారని జెరోము రాసిపెట్టాడు. మా నిర్మల్‌లో కూడ ఒక ఏడ్పుల చెట్టు ఉండేది. గోండులను, రోహిల్లాలను కూడగట్టుకొని బ్రిటిషు, నిజాము సేనలతో పోరాడిన రాంజీ గోండును 1860లో నిర్మల్ దగ్గర మర్రిచెట్టుకు ఉరితీశారు. ఆయనతో పాటు వెయ్యిమందిని ఉరితీశారని జనం చెప్పుకొంటారు. అందుకే దాని పేరు వెయ్యి ఉరుల మర్రి. ఇప్పుడు ఆ చెట్టు లేదు. పేరు మాత్రం నిర్మల్‌లో పిల్లవానికి కూడ తెలుసు. ఈ పేరును మరో భాషలోకి మార్చవలసివస్తే అనువాదకుడు మర్రి దగ్గర తడబడినా కొంపమునగదు. ఉరుల దగ్గర తడబడితే మాత్రం చరిత్ర పోతుంది.

చెట్టు పోయినా పేరు నిలిచేది ఊళ్లలోనే. 2016 విభజనకు ముందరి కరీంనగరు జిల్లాలోనే జమ్మికుంట ఉన్నది, చింతకుంట ఉన్నది. ఈ పేర్లు విన్నవానికి చెట్టు, దాని పక్కన నీరు కనిపిస్తాయి. అయితే పేరు చూసి తొందరపడరాదు. వేములవాడ అనగానే వేపచెట్లు అని చెప్పాలనిపిస్తుంది. చాళుక్యుల శాసనాలలో ఆ ఊరు లేంబులవాటకం, లేంబులపాటకం. ముందు ఆ పాతరూపం సంగతి తేల్చుకోకుండా వేపచెట్టు నాటడానికి లేదు. మరొక ఊరున్నది, చింతల్‌ఠాణా. ఇది మధ్య మానేరు జలాశయం ముంపు గ్రామాలలో ఒకటి. ఊరు నీటి కిందికి పోయింది. పేరు మాత్రం ప్రజలతో పాటు పునరావాస కాలనీకి నడిచివచ్చింది. అక్కడ పుట్టిన పిల్లలు ‘మన ఊరికి ఈ పేరెందుకు?’ అని అడిగినపుడు ‘చింతలు’ అంటే చెట్లని చెప్పేవారు ఉండాలి. లేకపోతే వారికది దుఃఖమనే అర్థంలోనే మిగులుతుంది.

హెబ్రోనులో కూడ ఇదే జరిగింది. మమ్రే చెట్టని యాత్రికులకు చూపే ముసలి ఓక్ ఒకటి అక్కడి రష్యను మఠం ఆవరణలో ఉండేది. 1996 నాటికి అది ఎండిపోయింది. 2019లో కూలిపోయింది. చెట్టు కూలినా గ్రంథంలోని మాట కూలలేదు. ఆ భాష చదివేవారికి ఏలోన్ అన్న మాటలో ఇంకా నీడ ఉన్నది.

నా మట్టుకు నాకు తోచినది ఇది. ఏలా, ఏలోన్ అనే మాటలకు ముందుగా చెప్పవలసిన అర్థం జాతి కాదు, హోదా. బాటసారికి గురుతుగా, గురువుకు బడిగా, ఊరికి సాక్షిగా, చనిపోయినవారికి గోరీగా నిలువగల చెట్టు అది. సింధూరమన్న పూర్వపండితులను తప్పుపట్టను. తమకు తెలియని చెట్టుకు గౌరవప్రదమైన పేరు వెదికారు. నూరేండ్లుగా ఆ పేరుతోనే ప్రార్థించినవారికి ఆ శబ్దమే పవిత్రమైంది. దానిని తీసివేయమని చెప్పే అధికారం నాకు లేదు. అయితే ఆ మాటను బోధించేటపుడు పక్కన ‘పెద్దమాను’ అని ఒక్కమాట చేరిస్తే చాలు, వినేవారి ఊరిబయటి మర్రి వచ్చి ఆ కథలో నిలుస్తుంది. మా పాస్టరుగారు చేసినది అదే.

నన్ను కలతపెట్టేది వేరే ఉన్నది. నేను ఉద్యోగం చేసిన చివరి సంవత్సరాలలో పిల్లలు ఆంగ్ల వాచకంలో ఓక్ చెట్టు బొమ్మను గుర్తుపట్టేవారు. బడి వెనుక నిలిచిన నల్లమద్దిని చూపితే పేరు చెప్పలేకపోయేవారు. హీబ్రూవారి చెట్టు మనకు తెలియకపోవడంలో వింత లేదు, అది మన నేలలో పుట్టలేదు. మన మద్ది, మన ఇప్ప, మన జువ్వి కూడ సింధూరవృక్షాల వలె అర్థం లేని శబ్దాలయిపోతే, రేపటి నిఘంటుకర్త వాటి పక్కన ‘ఒక చెట్టు’ అని రాసి ఊరుకోవలసివస్తుంది. మన నిఘంటువులలో ఇప్పటికే ఎన్నో మాటలకు ‘వృక్షవిశేషము’ అన్న ఒక్కటే అర్థం కనిపిస్తుంది. ఆ మాట కనిపించిన ప్రతిచోటా ఒక చెట్టును మరిచిపోయిన జనం ఉన్నారని గుర్తు.

మిత్రులారా, మీ ఊరి పేరులోనో, పొలం పేరులోనో, రచ్చబండ దగ్గరో ఇటువంటి మాను ఒకటి ఉండే ఉంటుంది. దానిని మీ అమ్మమ్మ, తాతయ్యలు ఏ పేరుతో పిలిచేవారో, దాని కింద ఏమి జరిగేదో వ్యాఖ్యలో రాయండి. చెట్టు లేకపోయినా సరే, పేరు రాయండి.